అమావాస్య బ్యాటరీ

మొన్న మా అల్లుడు కిరణ్ మా వాకిట్లో కారు బానెట్ ఎత్తి, ఎడమచేత్తో ఫోను, కుడిచేత్తో పానా పట్టుకొని నిలబడ్డాడు. ఫోనులో ఎవరో గడ్డపాయన బ్యాటరీ మార్చడం ఎలాగో తీరిగ్గా చూపిస్తున్నాడు. మా అమ్మాయి మేఘన, అల్లుడు హైదరాబాదు నుంచి నాలుగు రోజులుండి పోదామని బీదర్ వచ్చారు. ఆ నాలుగు రోజులూ కారులో బిగించిన ఏదో కెమెరా ఊరికే కూర్చోక బ్యాటరీని తాగుతూనే ఉందట. ఐదో రోజు పొద్దున కారు తలుపు కూడా తెరుచుకోలేదు. ఎట్లాగో తెరిచి, బజారుకు పోయి కొత్త బ్యాటరీ కొనుక్కొచ్చి, బిగించే మనిషిని పిలవనివ్వకుండా, అదంతా పది నిమిషాల పని అత్తమ్మా అన్నాడు. నేను వంటింట్లోంచి పిండి చేతులతోనే బయటికి వచ్చాను. పెద్ద ఉద్యోగం చేసే అల్లుడికి పని నేర్పబోవడం మర్యాద కాదని నాకు తెలుసు. కానీ ఆయన వేలికి పెళ్లినాటి ఉంగరం ఉంది, మణికట్టుకు స్టీలు పట్టీ గడియారం ఉంది, పానా నేరుగా ప్లస్ టెర్మినల్ మీదికే పోతోంది. మర్యాద సంగతి తర్వాత చూసుకోవచ్చనుకున్నాను.

ముందు పానా కింద పెట్టించాను. ఉంగరమూ గడియారమూ తీసి మేఘన చేతికిమ్మన్నాను. కారు తాళంచెవిని ఇంట్లో దేవుడి గూట్లో పెట్టి రమ్మన్నాను, ఎందుకంటే ఈ కాలం కార్లు తాళంచెవి దగ్గరలో ఉందని పసిగడితే చాలు నిద్ర లేస్తాయి. లోపల ఉన్న కంప్యూటర్లన్నీ సద్దుమణిగేదాకా కాసేపు ఆగుదామన్నాను. ఆ కారు సగం పెట్రోలు మీద, సగం కరెంటు మీద నడుస్తుంది కాబట్టి నారింజ రంగు తొడుగున్న తీగల దరిదాపులకు పోవద్దన్నాను, అవి మనలాంటి వాళ్ల పని కాదు. ఆ తర్వాత మైనస్ ముందు విప్పించి, ఆ కొస మళ్లీ జారి తగలకుండా పాత తువ్వాలు చుట్టించాను. కొత్తది పెట్టేటప్పుడు ప్లస్ ముందు, మైనస్ ఆఖరు. కారు లేచింది. గడియారం పన్నెండు చూపించింది, రేడియో తన ఊళ్లన్నీ మరిచిపోయింది, అద్దాలు పైకి పోవడం మళ్లీ నేర్చుకోవాల్సి వచ్చింది, అంతే. భోజనాల దగ్గర అల్లుడు నన్ను కొత్తగా చూస్తూ, ముప్పై ఏళ్లు హైస్కూల్లో ఫిజిక్స్ చెప్పారు కదా, అక్కడ నేర్చుకున్నారా అని అడిగాడు. కాదు, మా బాపు చేసిన తప్పుల దగ్గర నేర్చుకున్నానన్నాను. వాళ్లు నవ్వారు. నేను తమాషాకు అనలేదు.

మా బాపు, అంటే మా నాన్న, విశ్వనాథం సేటుకు ధాన్యం బజారైన గంజ్‌లో, రైతుల సరుకు కమీషన్ మీద అమ్మిపెట్టే అడత్ దుకాణం ఉండేది. బగ్దల్ నుంచి, మన్నళ్ళి నుంచి కందులు, పెసలు, మినుములు బండ్ల మీద వచ్చి మా దుకాణం ముందు దిగేవి. మా ఇల్లు గంజ్ వెనుక, గోదాములు దాటాక, ఊరు అయిపోయే చోట ఉండేది. మామూలు రోజుల్లో ఆ ఇంటికి కందిపప్పు పొట్టు వాసన, గోనెసంచుల వాసన, సాయంత్రానికి మా అత్త వేసే సాంబ్రాణి పొగ. అమావాస్యనాడు గంజ్‌కు సెలవు. ఆ రోజు మాత్రం పొద్దున్నుంచే ఇంట్లో పెట్రోలు, గ్రీజు, ముక్కులు మండించే బ్యాటరీ పులుపు వాసన వచ్చేవి. ఎందుకంటే నెలకొక్కసారి దొరికే ఆ సెలవును బాపు ఎవరింటికీ పోవడానికి, ఎవరినీ పిలవడానికి వాడేవాడు కాదు. పాత ధోవతి మోకాళ్ల పైకి దోపి, చిల్లుల బనీను వేసుకొని కారు బానెట్ కిందికి దూరేవాడు. మధ్యాహ్నం దాకా మాకు కనిపించేది ఆయన నడుము కింది భాగం మాత్రమే.

ఆ నల్ల కారును ఆయన ఒక గుత్తేదారు దగ్గర కొన్నాడు. మా చేతికొచ్చేనాటికే అది చాలా లోకం చూసి ఉంది. పల్లెల్లో పంట చూసి రావడానికని కొన్నాడు గానీ, అది బగ్దల్ పోయిన సార్ల కంటే బగ్దల్ దారిలో ఆగిన సార్లే ఎక్కువ. నాకు స్టీరింగు పట్టడం అట్లానే వచ్చింది. తోయడం ఆయన వంతు, స్టీరింగు నా వంతు. కాలేజీకి పోయే పిల్లను, జడలో కనకాంబరాలు పెట్టుకొని, ఖాళీ గంజ్ మైదానంలో బాపు తోస్తుంటే కారు నడిపేదాన్ని. ఇంజను లేకుండా నడపడంలో బీదర్‌లో నన్ను మించినవాళ్లు లేరని నాకు గర్వంగా కూడా ఉండేది.

ఆయన మెకానిక్కుకు కారు ఇవ్వకపోవడానికి కారణం పిసినారితనం కాదు. ఆయనకు తన చేత్తో పట్టి, ముక్కుతో చూసి, నాలుకతో తేల్చుకోని వస్తువు మీద నమ్మకం కుదరదు. కందిపప్పు కొరికి చూసేవాడు, బెల్లం గీరి నాకేవాడు, శనగలు గుప్పిట్లో గలగలలాడించి చెవి దగ్గర పెట్టుకునేవాడు. గంజ్ మొత్తం ఆయన నాలుక తీర్పుకు తల వంచేది. కారు విషయంలోనూ అదే నాలుక పనిచేసింది. బ్యాటరీలో పోయడానికి శుద్ధి చేసిన నీళ్లు సీసాలో తెస్తే, ఒక చుక్క చప్పరించి, ఇందులో ఏ రుచీ లేదు, మన బావి నీళ్లు దీనికన్నా తియ్యగా ఉంటాయని తేల్చాడు. తియ్యటి బావి నీళ్లు తాగిన ఆ బ్యాటరీ చలికాలం దాటలేదు. ఇంకోసారి బ్యాటరీలో అసలు పస ఉందా లేదా చూద్దామని లోపలి ద్రవంలో పుల్ల ముంచి నాలుకకు తగిలించుకున్నాడు. పస ఉంది. నాలుగు రోజులు చల్లన్నం తప్ప ఏమీ తినలేకపోయాడు, మాట్లాడలేకపోయాడు. ఆ నాలుగు రోజులు ఇల్లు ఎంత ప్రశాంతంగా ఉందో మా అత్తే ఒప్పుకుంది.

అత్తంటే బాపు వాళ్లక్క రాజమ్మ. చిన్నప్పుడే భర్త పోయి పుట్టింటికి వచ్చి, తమ్ముణ్ణి తనే పెంచింది. తమ్ముడి ఆయుష్షు మీద ఆమెకు ఎప్పుడూ ఒక కన్ను ఉండేది. శనివారం నూనె దీపం, మంగళవారం ఉపవాసం, అన్నీ ఆయన పేరు మీదే. ఆయన మూడు వేళ్లకున్న మూడు ఉంగరాలూ ఆమె పెట్టించినవే. పగడం కుజుడికి, ముత్యం చంద్రుడికి, నీలం శనికి. స్నానానికి కూడా తీయకూడదని ఆమె కట్టడి. ఆ చేతులతోనే ఆయన బ్యాటరీ విప్పేవాడు.

పాత బస్టాండు వెనుక రేకుల షెడ్డు పెట్టుకున్న మహబూబ్ ఉస్తాద్ ప్రతి అమావాస్యకూ మా ఇంటికి వచ్చేవాడు. బాపుకు చిన్ననాటి స్నేహితుడు. వాకిట్లో ముక్కాలి పీట మీద కూర్చొని, సాసరులో చాయ్ పోసుకొని తాగుతూ సలహాలు చెప్పాలి గానీ కారును ముట్టకూడదు, అది వాళ్లిద్దరి మధ్య ఒప్పందం. ఉస్తాద్ ఎడమ మణికట్టు చుట్టూ గడియారం పట్టీ వెడల్పున ఒక కాలిన మచ్చ ఉండేది. వయసులో ఉన్నప్పుడు ఇనుప పట్టీ గడియారంతో లారీ బ్యాటరీ మీద పని చేశాడట. పట్టీ అటు ప్లస్‌కు, ఇటు బండి ఒంటికి తగిలి, ఆయన చెయ్యి వెనక్కి లాక్కునేలోగా ఎర్రగా కాలిందట. ఆ మచ్చ చూపించి చెప్పేవాడు. ఒంటి మీద లోహం ఉండొద్దు. బ్యాటరీ దగ్గర బీడీ వద్దు, అగ్గిపుల్ల గీసి లోపలికి తొంగిచూడొద్దు, దానిలోంచి లేచే గాలి అంటుకుంటుంది. మూతలు తీసేటప్పుడు మొహం పక్కకు పెట్టాలి. ఆసిడ్ చిందితే నేల మీద వంటసోడా చల్లాలి, ఒంటి మీద పడితే నీళ్లు, కంట్లో పడితే నీళ్లు, ఇంకా నీళ్లు, ఏ మందూ మాకూ వద్దు, నీళ్లే. బాపు ఊఁ కొట్టేవాడు. వినేది మాత్రం అమ్మ. అరుగు మీద కూర్చొని బియ్యంలో రాళ్లేరుతూ ఒక్క మాట కూడా మాట్లాడకుండా వినేది. తర్వాత చూస్తే మా వంటింట్లో సోడా డబ్బా అటక మీది నుంచి చేతికందే గూట్లోకి దిగి ఉండేది.

వాళ్లిద్దరికీ ప్రతి నెలా పంచాయితీ వచ్చేది మాత్రం మైనస్ దగ్గర. బండి ఒళ్లంతా మైనస్‌కు కలిసి ఉంటుంది కనుక విప్పేటప్పుడు మైనస్ ముందు విప్పాలని, అది విప్పాక పానా ఎక్కడ తగిలినా భయం లేదని ఉస్తాద్ నోరు నొప్పి పుట్టేలా చెప్పేవాడు. బాపు ఒప్పుకునేవాడు కాదు. మా దుకాణంలో ధాన్యం కొలిచేటప్పుడు మొదటి కొలతను ఒకటి అనరు, లాభం అంటారు. లాభం, రెండు, మూడు. గంజ్ అంతా అట్లానే కొలుస్తుంది. తాతల నాటి నుంచి లాభంతో మొదలుపెట్టిన నోటితో, చేత్తో, అమావాస్యనాడు పోయి పోయి మైనస్‌తో మొదలుపెట్టడమా?

"సేటు, గిది కందుల కుప్ప గాదు, బ్యాటరీ," అనేవాడు ఉస్తాద్.

"ఏదైతేంది? చెయ్యి నాదే గదా," అనేవాడు బాపు. ముందు ప్లస్సే విప్పేవాడు. పానా కొస బానెట్‌కు తగిలి టప్పుమని మెరుపు లేచేది. ఉస్తాద్ చాయ్ ఒలికేది. బాపు మాత్రం చూసినవా, బ్యాటరీలో దమ్మున్నది అని సంబరపడేవాడు. ఉస్తాద్ పోరు పడలేక అమ్మ ఒక ఉపాయం చేసింది. ఉంగరాలు తీయడానికి అత్త ఒప్పుకోదు, ఆయన తీయడు, కాబట్టి పని మొదలయ్యే ముందు మూడు ఉంగరాల మీదా కరెంటు తీగలకు చుట్టే నల్ల టేపు చుట్టేది. గ్రహాలకు మూతలు వేసినట్టు ఆ మూడు వేళ్లు ఎత్తి పట్టుకొని బాపు కారు దగ్గరికి నడిచి వెళ్లడం నాకిప్పటికీ కళ్లముందు ఆడుతుంది. ఇప్పుడైతే నేను ఆ టేపును నమ్మను, తీసేయడమే పద్ధతి అంటాను. కానీ అమ్మ చేతిలో ఉన్నది అప్పటికి అంతే.

ఒక అమావాస్యకు ఉస్తాద్ లేడు. హళ్ళిఖేడ్‌లో ఏదో పెళ్లికి పోయాడు. ఎండలు ముదిరిన రోజులు. బాపు రెండు తీగలూ విప్పేశాడు, మామూలుగానే ప్లస్ ముందు, మామూలుగానే మెరుపు. బ్యాటరీ మీద ఆరు మూతలుంటే ఐదు వచ్చాయి, ఆరోది రాలేదు. చేత్తో తిప్పాడు, ధోవతి కొస పట్టి తిప్పాడు, చివరికి మరలు తిప్పే పేచ్‌కస్ దూర్చి పైకి ఎగదీశాడు. మొహం పక్కకు పెట్టలేదు సరికదా, ఎందుకు రావడం లేదో చూద్దామని ఇంకా దగ్గరికి వంగాడు. మూత ఎగిరింది. నేను అరుగు మీద పుస్తకం పట్టుకొని ఉన్నాను. బాపు అరవడం నేను వినడం అదే మొదటిసారి. రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకొని, అబ్బా కన్ను, కన్ను అంటూ గుండ్రంగా తిరుగుతున్నాడు.

నేను లేచేలోపే అమ్మ ఆయన్ని చేరింది. చెయ్యి పట్టి నీళ్ల తొట్టి, హౌజు దగ్గరికి ఈడ్చుకుపోయి, తల నల్లా కిందికి వంచి నీళ్లు విడిచింది. కంటి రెప్పలు రెండూ ఆయన వేళ్లతోనే విప్పి పట్టించింది. నన్ను పిలిచి ఆయన తల అట్లాగే పట్టుకొమ్మని, ఆయన ఏమన్నా సరే వదలొద్దని చెప్పింది. లోపలినుంచి అత్త ఆముదం సీసాతో పరుగెత్తుకొచ్చింది. కళ్లలో ఆముదం చుక్క వేస్తే మంట చల్లారుతుందని ఆమె ఏడుపు. అమ్మ సీసా లాక్కొని గోడ అవతలికి విసిరేసింది. అమ్మ ఆ ఇంట్లో గొంతు పెంచడం గాని, అత్త చేతిలోంచి వస్తువు గుంజుకోవడం గాని అప్పటికి ఇరవై ఏళ్లలో జరగలేదు.

ఆస్పత్రి ఊరికి అటు చివర. రిక్షా కావాలంటే గంజ్ గేటు దాకా పోవాలి, సెలవునాడు అక్కడా ఉండవు. టెలిఫోను తాళం వేసిన దుకాణంలో ఉంది. ఉన్నది కారు ఒక్కటే, దాని బ్యాటరీ తీగలు రెండూ విప్పి పక్కన పడి ఉన్నాయి. తోద్దామంటే తోసే మనిషే నల్లా కింద ఉన్నాడు. అమ్మ చీర కొంగు నడుముకు బిగించి, బ్యాటరీ మూతలు పెట్టేసి, చిందిన చోటల్లా సోడా చల్లింది. అది బుసబుసమని పొంగింది. తడిగుడ్డతో తుడిచి, పానా అందుకొని, బ్యాటరీ మీదికి వంగింది. వంగగానే మెడలోని పుస్తెలతాడు రవికెలోంచి జారి ముందుకు వేలాడింది. లోపలికి దోపుకుంది. మళ్లీ వంగింది, మళ్లీ జారింది. పుస్తెలు రెండూ పానాకు తగిలి గల్లుమన్నాయి. అంత బారు బంగారు తాడు, ప్లస్‌కూ బండి ఒంటికీ మధ్య ఊగుతోంది. టేపు చుట్టుకుందామా అంటే చివరి చుట్టంతా బాపు మూడు వేళ్ల మీద ఉంది.

అమ్మ ఒక్క క్షణం ఆ పుస్తెల వంక చూసింది. పానా కింద పెట్టింది. రెండు చేతులతో పుస్తెలతాడు తల మీదుగా తీసింది.

"సరోజనా, అమాసనాడు, మొగడు బతికుండంగ పుస్తెలు తీస్తవా?" అంది అత్త. "నా తమ్ముని ప్రాణం తీస్తవా?"

"తీస్తున్న వదినే," అంది అమ్మ. "కన్ను పోయినంక ఈ పుస్తెల దిక్కు ఆయన ఎట్ల జూస్తడు?"

ఆ బంగారాన్ని ఎక్కడ పెట్టాలో వెతికింది. నేల అంతా ఆసిడ్, సోడా నురగ. అత్త చేతికిస్తే తీసుకోదు. నా చేతులు బాపు తల మీద ఉన్నాయి. అమ్మ నేరుగా హౌజు దగ్గరికి వచ్చి, నల్లా కింద వంగి ఉన్న బాపు మెడలో ఆ తాడు వేసేసింది.

"ఇగో, మీ ప్రాణం ఇందులనే ఉన్నదంటుంది మీ అక్క. మీ దగ్గర్నే పెట్టుకోండ్రి," అని తిరిగి కారు దగ్గరికి పోయింది.

బాపుకు ఏం జరిగిందో కనిపించలేదు. మెడలో ఏదో చల్లగా పడిందని తెలిసింది. నన్నడిగితే చెప్పాను. ముక్కులోంచి నీళ్లు కారుతున్నాయి. ఆ తర్వాత నల్లా కిందినుంచే గట్టిగా, ముందు ప్లస్సు బిగియ్యి సరోజనా, ముందు ప్లస్సు అని అరిచాడు. బిగించేటప్పుడు ముందు ప్లస్సే. బ్యాటరీ గురించి ఆయన తన జీవితంలో మొదటిసారి సరిగ్గా చెప్పాడు. అమ్మ అప్పటికే దాన్ని బిగించి మైనస్ మీదికి వచ్చింది.

ఇంజను ఉన్న కారును నేను రోడ్డు మీద నడపడం ఆ రోజే మొదలు. ఒకటో గేరులోంచి రెండో గేరుకు మారుస్తే ఏమవుతుందో తెలియక ఆస్పత్రి దాకా ఒకటో గేరులోనే పోనిచ్చాను. కారు మూలుగుతూ పాకింది, సైకిళ్లవాళ్లు మమ్మల్ని దాటిపోతూ లోపలికి తొంగిచూశారు. వెనుక సీట్లో బాపు తల అమ్మ ఒళ్లో. అమ్మ బిందె పక్కన పెట్టుకొని చెంబుతో కళ్లమీద నీళ్లు పోస్తూనే ఉంది, ఆ నీళ్లు సీటు తడిపి, కింది నుంచి నా చెప్పుల్లోకి వచ్చాయి. నా పక్క సీట్లో అత్త కళ్లు మూసుకొని శనికి మొక్కుతోంది. తెరిచినప్పుడల్లా తమ్ముడి మెడలో పుస్తెలు చూసి మళ్లీ మూసుకునేది.

ఆస్పత్రిలో పేరు రాసుకునే మనిషి తలెత్తి చూశాడు. చిల్లుల బనీను, మోకాళ్ల పైకి ధోవతి, మూడు వేళ్లకు నల్ల టేపు, మెడలో పగడాలు గుచ్చిన పుస్తెలతాడు, ఒళ్లంతా నీళ్లు. పేరు విశ్వనాథం అని చెబితే రెండుసార్లు అడిగి రాసుకున్నాడు. కళ్లు చూసిన డాక్టరమ్మ కన్నడంలో నన్ను చాలా ప్రశ్నలు వేసింది. ఆసిడ్ పడ్డాక ఎంతసేపటికి నీళ్లు పోశారు, ఎవరు పోశారు, ఇంకేమైనా వేశారా. వెంటనే పోశామని, ఇంకేమీ వేయలేదని, ఆముదం గోడ దాటిపోయిందని చెప్పాను. ఆమె అమ్మ వంక తిరిగి, ఈ నీళ్లే మీ ఆయన కళ్లు కాపాడాయి, నేను చేసేది మిగిలింది మాత్రమే అంది. అమ్మకు కన్నడం వచ్చినా, ఆ మాట నన్ను ఇంకోసారి తెలుగులో చెప్పమంది. చెప్పాను. అప్పుడు గోడకానుకొని నేల మీద కూర్చుండిపోయింది.

కళ్లకు కట్టు కడుతూ నర్సు, మెడలోది అడ్డం వస్తోంది, తీసేస్తానంది. బాపు చేత్తో పట్టుకున్నాడు.

"తియ్యొద్దమ్మా. అది నాది గాదు, మా ఇంటామెది. ఆమె వచ్చి తీసుకుంటది," అన్నాడు.

అమ్మ తీసుకోలేదు. చేతులకు ఆసిడ్ అంటింది, ఇంటికి పోయి సోపు పెట్టి కడుక్కున్నాక చూద్దామంది. అట్లా బాపు పుస్తెలతోనే బజారు మీదుగా ఇంటికి వచ్చాడు, పూర్తిగా ఒకటో గేరులో, అందరూ చూడడానికి వీలుగా. మర్నాడు గంజ్ తెరిచేసరికి సంగతి హమాలీల దాకా పోయింది. వారం రోజులకు కట్లు విప్పి దుకాణానికి పోతే, మన్నళ్ళి నుంచి వచ్చిన ఒక రైతు, సేటూ, నల్లపూసలు ఎప్పుడు గుచ్చించుకుంటున్నవు అని అడిగాడట. బాపు ఇంటికొచ్చి ఆ మాట మాతో చెప్పి తనే నవ్వాడు. అత్త ఒక్కతే నవ్వలేదు. అమావాస్య దోషం పోవడానికి అయ్యగారిని పిలిపించి మంచి ఘడియ పెట్టించి, బాపు చేత మళ్లీ పుస్తెలు కట్టించింది. అమ్మకు అది రెండో పెళ్లి. ఉస్తాద్ వచ్చి ముక్కాలి పీట మీద కూర్చొని ఈ పెళ్లి భోజనం కూడా తిన్నాడు.

ఆ తర్వాతి అమావాస్యకు అమ్మ టేపు తీసుకొని వాకిట్లోకి వచ్చింది. బాపు చెయ్యి చాపలేదు. పగడం, ముత్యం, నీలం, ఒక్కొక్కటే సబ్బు రాసి లాగి, మూడు ఉంగరాలూ అమ్మ అరచేతిలో పెట్టాడు. అత్త చూస్తూనే ఉంది. బాపు బానెట్ ఎత్తి, పానా పట్టుకొని, కాసేపు ఆలోచించి, మైనస్ మీద పెట్టాడు. పీట మీద ఉస్తాద్ చాయ్ ఒలకలేదు. నోరారా లాభం అనకుండా మొదలుపెట్టిన ఆ పని ఆయనకు ఎంత కష్టమైందో నాకు తెలుసు.

ఇప్పటి కార్లలో అట్లా ఆరు మూతలు విప్పే పని లేదు. బ్యాటరీకి మూతలే ఉండవు, దాని మీద కళ్లద్దాల బొమ్మ, మంట మీద గీత కొట్టిన బొమ్మ వేసి వస్తాయి. ఉస్తాద్ నోటితో చెప్పిందంతా అగ్గిపెట్టెంత కాగితం మీద బొమ్మలుగా గీశారు. నాకు సంతోషమే. ఆ బొమ్మలుంటే బాపు చూసేవాడని మాత్రం అనుకోను, నాకి చూసేవాడేమో. మా అల్లుడు మంచివాడు, చెబితే విన్నాడు, ఉంగరం తీసి పెళ్లానికిచ్చాడు. కానీ ఫోనులో గడ్డపాయన దగ్గర అతను నేర్చుకున్నది చేతి పని. పక్కన కూర్చొని బియ్యం ఏరుకుంటూ ఒకరు విని పెట్టుకోవడమనే ఏర్పాటు ఇప్పుడు ఏ ఇంట్లోనూ లేదు. అప్పట్లో ఒకరు తప్పు చేస్తే ఇంకొకరి దగ్గర దానికి విరుగుడు సిద్ధంగా ఉండేది. ఆ కాలం గొప్పదని నేననను. అన్ని తప్పులు చేసే మగవాళ్లను భరించడానికి ఆడవాళ్లు అంత జాగ్రత్తగా ఉండాల్సి వచ్చిందంటే అది గొప్ప కాలమెట్లా అవుతుంది? అయినా అమ్మ గుర్తుకొస్తే నాకు గర్వంగానే ఉంటుంది.

ఆ రోజు తర్వాత బాపు చాలా ఏళ్లు బతికాడు. రెండు కళ్లతోనూ పేపరు చదివేవాడు, మనవరాలు మేఘన పెళ్లి చూశాడు. ఎనభై దాటాక ఒక మధ్యాహ్నం భోజనం చేసి పడుకొని లేవలేదు. పదకొండో రోజు కులపోళ్ల ఆడవాళ్లు నలుగురు వచ్చి అమ్మ చుట్టూ కూర్చున్నారు. చేయాల్సిన పని చేయడానికి వచ్చారు, వాళ్ల తప్పేమీ లేదు, వాళ్ల తల్లులకూ అట్లానే చేశారు. ఒకామె మెల్లగా అమ్మ మెడ దగ్గరికి చెయ్యి చాపింది. అమ్మ పుస్తెలను గుప్పిట పట్టుకుంది. ఏడవలేదు, కోప్పడలేదు.

"తీస్తే ఆయన బతుకుతడంటే ఒకపారి తీసిన. నా చేతుల్తోనే తీసిన," అంది. "ఇప్పుడు తీస్తే బతుకుతడా? బతుకుతడంటే చెప్పుండ్రి, ఇప్పుడే తీసిస్త."

చాపిన చెయ్యి వెనక్కి పోయింది.

"మరి ఉండనీయుండ్రి," అని అమ్మ పుస్తెలను రవికెలోకి దోపుకుంది.